పెండ్లయితే కొలువు ఇడిచిపెట్టాల్నా? సర్కారును నిలదీసిన ముత్తమ్మ

ముత్తమ్మ అనే పేరు వింటే మన ఊర్లె అరుగు మీద కూసొని తమలపాకు నములుకుంట ముచ్చట చెప్పే అవ్వ యాదికొస్తది. నాకూ గట్లనే అనిపించింది. గ్రూప్స్‌కు సదివేటప్పుడు జనరల్ నాలెడ్జ్ పుస్తకంల ఆమె గురించి ఒక్క లైను ఉండె. ఇండియన్ ఫారిన్ సర్వీసుల చేరిన మొదటి ఆడామె సీ.బీ. ముత్తమ్మ. కింద ఎర్ర పెన్నుతోని గీత గీసిన, పేజీ తిప్పిన. పరీక్షల బిట్టు వస్తే ఒక మార్కు, రాకుంటే లేదు. మనం చేసేది గంతే కదా.

ఆ లైను మళ్ల యాదికొచ్చింది మా అక్క వల్ల. అక్క నాలుగేండ్లు కష్టపడి సర్కారు నౌకరి కొట్టింది. పేరు చెప్పను గానీ, ఊర్లు తిరిగి తనిఖీలు చేసే డిపార్ట్‌మెంటు అది. ఆమెతోని ఆ ఆఫీసుల మొత్తం ఆరుగురు చేరిన్రు. ర్యాంకుల ముందున్నది అక్కనే. అయిదుగురు మొగపిల్లలకు మండలాలు అప్పజెప్పిన్రు, అక్కను మాత్రం తపాల్ రిజిస్టర్ ముందట కూసోబెట్టిన్రు. ఎందుకు సార్ అని అడిగితే, ఎండల తిరగలేవు, రాత్రిపూట పోవాల్సి వస్తది, రేపో మాపో పెండ్లయితది, లీవులు పెడ్తవు అని చెప్పిన్రట. తిట్టలేదు, కసురుకోలేదు. ఇంటి ఆడపిల్ల లెక్క మంచిగ చూసుకుంటున్నమన్నట్టే మాట్లాడిన్రు. కానీ ప్రమోషన్ అప్పుడు ఫీల్డుల ఎన్నేండ్లు చేసినవని అడుగుతరు. అప్పుడు అక్క కాడ చూపియ్యనీకి తపాల్ రిజిస్టర్ తప్ప ఏముంటది?

ఎవరిని ఏ కుర్సీల కూసోబెట్టాలె, ఆ సంగతి ఎవరు తేల్చాలె, దేన్ని చూసి తేల్చాలె? ఈ ప్రశ్న మీద మన దేశంల సుప్రీంకోర్టు దాక పోయి కొట్లాడిన మనిషి ముత్తమ్మ. గందుకే ఆ ఒక్క లైను ఎన్క ఉన్న కథ ఇయ్యాల చెప్తున్న.

చోనీర బెల్లియప్ప ముత్తమ్మ 1924 జనవరి 24 నాడు కొడగుల విరాజ్‌పేటల పుట్టింది. కొడగు అంటే కాఫీ తోటల సీమ, ఇప్పుడు కర్ణాటకల జిల్లా. జనరల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన మట్టి అది. నాయిన అడవి శాఖల ఆఫీసరు. ముత్తమ్మకు తొమ్మిదేండ్లప్పుడే ఆయన సచ్చిపోయిండు. ఇంట్ల నలుగురు పిల్లలు. మొగదిక్కు లేని ఇల్లు, ఆడపిల్లకు సదువెందుకు అనుకునే కాలం. అయినా ఆ తల్లి పట్టు ఇడువలేదు, నలుగురినీ సదివించాలె అనుకున్నది, సదివించింది. మడికేరిల బడి సదువు అయినంక ముత్తమ్మ మద్రాసు పోయి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీల డిగ్రీ చేసింది. మూడు బంగారు పతకాలు తీసుకున్నది. ఎన్కల ప్రెసిడెన్సీ కాలేజీల ఇంగ్లీషు సాహిత్యంల ఎంఏ.

అప్పుడే దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లోళ్ల కాలంల ఐసీఎస్‌ల ఆడోళ్లకు అడుగుపెట్టే దారే లేకుండె. కొత్త దేశం ఆ తలుపు తెరిచింది. 1948ల యూపీఎస్‌సీ పరీక్ష రాసి పాసైన మొదటి ఆడామె ముత్తమ్మనే. ఆమె కోరుకున్నది ఫారిన్ సర్వీసు. బయటి దేశాలల్ల మన దేశం తరఫున కూసొని మాట్లాడే కొలువు.

ఇంటర్వ్యూల ఆమెను ఏం అడిగిన్రో ఆమెనే తర్వాతి కాలంల చెప్పుకున్నది. ఆమెకు ఏమొస్తదో తెలుసుకునేటందుకు కాకుండా, ఈ సర్వీసు ఆడోళ్లకు పనికిరాదు, వద్దనుకో అని మనసు మార్చేటందుకే పెద్దమనుషులు ఎక్కువ కష్టపడ్డరట. మార్కులు కూడ తక్కువేసిన్రు. అయినా రాత పరీక్షల వచ్చిన మార్కులు ఆమెను ఒడ్డుకు చేర్చినయ్. 1949ల సర్వీసుల చేరింది.

చేరినప్పుడు ఒక కాయితం ముందర పెట్టిన్రు. పెండ్లి చేసుకుంటే నౌకరికి రాజీనామా ఇస్తనని రాసియ్యాలె. పక్కన చేరిన మొగోళ్లకు అసుంటి కాయితం లేదు. ముత్తమ్మ సంతకం పెట్టింది. పెట్టకుంటే నౌకరి ఉండేది కాదు.

దీనికి ఒక్క ముత్తమ్మనే గురి కాలేదు. 1951 బ్యాచ్‌ల ఐఏఎస్‌కు ఎంపికైన మొదటి ఆడామె అన్నా రాజం జార్జిది కూడ ఇదే కథ. ఆమె నియామక పత్రంల కూడ పెండ్లయితే నౌకరి పోతదనే మాట ఉండె. మద్రాసు ప్రభుత్వం జిల్లాల పని ఇయ్యనీకి వెనుకాడింది, సెక్రటేరియట్‌ల కుర్సీ ఇస్తమన్నది. ఆమె ఒప్పుకోలేదు. మొగోళ్లు చేసే పనే నేనూ చేస్తనని నిలబడ్డది, హోసూరుల సబ్ కలెక్టర్ అయింది. ఇది సదివినప్పుడు మా అక్క తపాల్ టేబుల్ నా కండ్ల ముందట కనబడ్డది. డెబ్బయి ఏండ్లు దాటినా మాటలు మారలేదు.

ఇప్పుడు మీరొకటి అడుగుతరు. జవహర్‌లాల్ నెహ్రూ చెల్లె విజయలక్ష్మి పండిత్ 1947లనే మాస్కోకు రాయబారిగ పోలేదా, ఎన్కల వాషింగ్టన్‌ల కూసోలేదా అని. పోయింది, మంచిగనే చేసింది. కానీ ఆమెను నేరుగ ప్రభుత్వమే నియమించింది. పరీక్ష రాసి కింది మెట్టు నుంచి వచ్చినోళ్లకు పెట్టిన రూలు ఆమెకు తగలదు. పెద్దింటి ఆడబిడ్డ రాయబారి అయితే దేశానికి గర్వం. తండ్రి లేని కొడగు పిల్ల పరీక్ష రాసి వస్తే మాత్రం ఈ పని ఆడోళ్లది కాదు.

ఈ కొలువుల పోస్టింగ్ ఎట్ల ఉంటదో జర సమజ్ చేసుకోవాలె. ఫారిన్ సర్వీసుల చేరినోళ్లకు ఒక విదేశీ భాష అప్పజెప్తరు. చైనీసో, అరబ్బో, రష్యనో, ఫ్రెంచో నేర్చుకోవాలె. ఆ భాష మాట్లాడే దేశంల మొదటి కొలువు ఉంటది. ఆడికెళ్లి మూడేండ్లకో ఊరు. కొన్ని రాజధానులు సుఖం, కొన్ని కష్టం. ఒకకాడ మంచి దవాఖాన్లు, బడులు ఉంటయ్, ఇంకొకకాడ యుద్ధమో, మలేరియానో. సుఖమైన కాడ కొన్నేండ్లు, కష్టమైన కాడ కొన్నేండ్లు పంచుకోవాలెనన్నది లెక్క. నడుమ నడుమ ఢిల్లీల డెస్కు పని. ఎవరిని ఏడికి పంపాలెనో పైన కూసున్న కొద్దిమంది సీనియర్లు తేలుస్తరు. ఏ కుర్సీల కూసుంటవో దాన్నిబట్టే రేపటి పెద్ద కుర్సీ. ముఖ్యమైన దేశం చూసినోడే ఎదుగుతడు, పక్కకు నెట్టబడ్డోడు పక్కకే ఉంటడు.

ముత్తమ్మకు పారిస్, రంగూన్, లండన్‌ల కొలువులు ఇచ్చిన్రు. ఢిల్లీల పాకిస్తాన్ డెస్కు, అమెరికా డెస్కు కూడ చూసింది. అంటే పని చేతకానామె కాదు. 1970ల హంగరీకి రాయబారిగ పంపిన్రు. పరీక్ష రాసి సర్వీసుల కింది నుంచి ఎదిగి రాయబారి అయిన మొదటి భారత మహిళ ఆమెనే. ఎన్కల ఘనాకు రాయబారి.

మరింక కొట్లాట ఏడికెళ్లి వచ్చింది? రూలు బుక్కుల నుంచి వచ్చింది. 1950ల మన రాజ్యాంగం వచ్చింది. చట్టం ముందు అందరూ సమానం అన్నది, సర్కారు నౌకర్లల ఆడ మొగ తేడా చూడొద్దని 16వ అధికరణంల కరాఖండిగ రాసింది. అది వచ్చిన పదకొండేండ్లకు, 1961ల, ఫారిన్ సర్వీసుకు నియమాలు రాసిన్రు. అండ్ల రెండు ముక్కలున్నయ్. ఒకటి, సర్వీసుల ఉన్న ఆడామె పెండ్లి చేసుకోవాలంటే ముందుగాల సర్కారు కాడ రాతపూర్వకంగ అనుమతి తీసుకోవాలె. పెండ్లయినంక ఇంటి పనులు కొలువుకు అడ్డమొస్తున్నయని సర్కారుకు అనిపిస్తే రాజీనామా అడగొచ్చు. రెండు, పెండ్లయిన ఆడామె ఈ సర్వీసుల నియామకాన్ని హక్కుగ అడగలేదు.

మొగోళ్ల సంగతి చూడుండ్రి. అదే సర్వీసుల మొగ ఆఫీసరు పెండ్లి చేసుకుంటే సర్కారుకు లాభం. రాయబారి ఇంట్ల విందులు చూసుకునేది, అతిథులను అరుసుకునేది భార్యనే. ఆమెకు జీతం లేదు. ఒక్క జీతానికి ఇద్దరు పని చేసినట్టు. ఆడ ఆఫీసరు పెండ్లి చేసుకుంటే మాత్రం సర్కారుకు బరువు. ఇది ఒక్క మన రోగమే కాదు. బ్రిటన్ విదేశాంగ శాఖల పెండ్లయిన ఆడోళ్లు కొలువు ఇడవాలెననే రూలు 1973 దాక నడిచింది. తెల్లోళ్లు పోయిన్రు గానీ వాళ్ల ఆలోచన మన ఆఫీసుల కుర్సీల మీదనే కూసున్నది.

ముత్తమ్మ పెండ్లి చేసుకోలేదు. ఎందుకన్నది ఆమె సొంత ముచ్చట. అంటే ఆ రూలు ఆమెను నేరుగ కొట్టలేదు. కానీ రూలు ఎన్క ఉన్న చూపు కొట్టింది. సర్వీసుల మీది మెట్టు, గ్రేడ్ వన్, అక్కడికి చేరే సమయం వచ్చినప్పుడు ఆమె పేరు పక్కన పెట్టిన్రు. మెరిట్ సరిపోలేదన్నరు. ఆమె ఎన్క చేరినోళ్లు కొందరు ముందలికి పోయిన్రు.

మెరిట్ అనే మాట మస్తు బరువైనది. ఆ మాట అంటే ఎవరూ ఎదురు మాట్లాడరు. కానీ ఆ మెరిట్ దేనితోని కొలిచిన్రు, ఎవరు కొలిచిన్రు, ఆ తక్కెడ బయటికి చూపిస్తరా? చూపియ్యరు. మూసిన తలుపుల ఎన్క కొలుస్తరు, బయటికొచ్చి ఫలితం చెప్తరు.

యాభై ఏండ్లు దాటిన మనిషి. రాయబారి హోదా ఉన్నది. ఇంకొన్నేండ్లయితే పింఛను. చాలామంది అయితే ఆ కాడికి సర్దుకుంటరు. ముత్తమ్మ సుప్రీంకోర్టుకు పోయింది. తను నౌకరి చేస్తున్న సర్కారు మీదనే కేసు పెట్టింది. సర్వీసుల ఆడోళ్ల మీద ఏండ్ల సంది పగబట్టినట్టు వివక్ష నడుస్తున్నదని, ప్రమోషన్లు తేల్చేటోళ్ల మనసులనే ఆడోళ్ల మీద చిన్నచూపు ఉన్నదని పిటిషన్ల రాసింది. ఆ రెండు రూళ్లను కూడ కోర్టు ముందట పెట్టింది.

కేసు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ పి.ఎన్. సింఘాల్ ముందుకు వచ్చింది. అప్పటికి సర్కారుకు చెమటలు పట్టినయ్. కేసు నడుస్తుండంగనే ముత్తమ్మకు ప్రమోషన్ ఇచ్చేసిన్రు. నిన్నటిదాక లేని మెరిట్ కోర్టు నోటీసు రాంగనే ఏడికెళ్లి వచ్చింది? రూళ్ల సంగతి అడిగితే, ఒకటి 1973లనే తీసేసినమని, ఇంకొకటి తీసేసేటందుకు గెజిట్ వస్తున్నదని సర్కారు వకీలు చెప్పిండు.

1979 సెప్టెంబర్‌ల తీర్పు వచ్చింది. కాయితం మీద చూస్తే కేసు కొట్టేసిన్రు. ఎందుకంటే అడిగిన ప్రమోషన్ వచ్చేసింది. కానీ కృష్ణయ్యర్ గమ్మున ఊకోలేదు. ఇంటి బాధ్యతలు కొలువుకు అడ్డమైతే అవి మొగోనికి కూడ అడ్డమైతయ్ కదా, మరి ఆడామెకే ఎందుకు అనుమతి కాయితం అని నిలదీసిండు. ఈ రూళ్లు రాజ్యాంగం ముందట నిలబడేటివి కావని కుండబద్దలు కొట్టినట్టు రాసిండు. ముత్తమ్మ కంటె చిన్నోళ్లను ముందు ప్రమోట్ చేసిన సంగతి మళ్ల చూసి ఆమె సీనియారిటీ సరిచేయమన్నడు. ఒక్కొక్కరు వచ్చి కేసు ఏసేదాక ఆగకుండ అన్ని సర్వీసుల రూళ్లను తిరగేసి ఆడ మొగ తేడాల మరకను కడుగుమని సర్కారుకు చెప్పిండు. కేసు పోయింది, ముత్తమ్మ గెలిచింది.

ఒక మాట దాచొద్దు. అదే తీర్పుల ఒక మెలిక కూడ ఉన్నది. అన్ని కొలువులల్ల ఆడ మొగ ఒక్కటే అని మేం అంటలేం, కొన్ని పనుల స్వభావాన్ని బట్టి తేడా ఉండొచ్చని కోర్టు ఒక సందు ఇడిచిపెట్టింది. ఇయ్యాలటికీ చానా ఆఫీసులల్ల ఆడపిల్లలను డెస్కు కాడ కూసోబెట్టేది గా సందుల నుంచే. మంచి తీర్పును కూడ కండ్లు తెరిచి సదవాలె.

ఎన్కల ముత్తమ్మ నెదర్లాండ్స్‌ల రాయబారిగ చేసింది. 1982ల రిటైర్ అయింది. స్వీడన్ నాయకుడు ఓలోఫ్ పామె పెట్టిన నిరాయుధీకరణ కమిషన్‌ల మన దేశం నుంచి సభ్యురాలిగ కూసున్నది. మన పాలన వ్యవస్థ మీద ఘాటుగ ఒక పుస్తకం రాసింది, కొడవ వంటల మీద ఇంకొకామెతోని కలిసి ఇంకో పుస్తకం రాసింది. 2009 అక్టోబర్ 14 నాడు బెంగళూరుల 85 ఏండ్లకు కన్నుమూసింది. అప్పటికి విదేశాంగ కార్యదర్శి కుర్సీల ఉన్నది నిరుపమా రావు. ఆమెకు ముందు 2001లనే చోకిలా అయ్యర్ ఆ కుర్సీల కూసున్నది. అదే సర్వీసుల అందరికంటె పెద్ద కుర్సీ. పెండ్లికి అనుమతి అడగమన్న సర్వీసుకు ఆడామె పెద్ద దిక్కు అయింది.

ఇదంతా ఢిల్లీ ముచ్చట, మనకేంది అంటరా? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు పోయి అడుగుండ్రి. గల్ఫ్‌కు పోయిన మనిషి ఆడ సచ్చిపోతే శవం ఇంటికి రానీకి ఎన్ని రోజులు ఎదురుచూస్తరో ఆ ఇంటోళ్లకు తెలుసు. పాస్‌పోర్టు గుంజుకున్న యజమాని మీద ఫిర్యాదు చేస్తే వినేది ఎంబసీల కూసున్న మనిషే. ఆ కుర్సీల అరబ్బీ వచ్చినోడు, కూలోని బాధ తెలిసినోడు కూసున్నడా, లేకుంటే పైరవీ లేక ఆడికి నెట్టబడి, ఎప్పుడు యూరప్ పోదునా అని రోజులు లెక్కపెట్టేటోడు కూసున్నడా? సరైన మనిషి సరైన కుర్సీల ఉంటే మన పల్లెల ఒక ఇంటికి శవం నాలుగు రోజులు ముందొస్తది. పోస్టింగ్ అంటే ఆఫీసర్ల ఇంటి ముచ్చట కాదు.

ఈ పోస్టింగుల పద్ధతిని కొత్త కాలానికి తగ్గట్టు మార్చాలెనని ఇప్పుడు మాట నడుస్తున్నది. ఆఫీసరు తనకు కావలసిన ఊర్లు వరుసగ రాయాలె, ఎంబసీ తనకు కావలసిన అర్హతలు రాయాలె, కంప్యూటరు రెండింటినీ జోడించాలె. మనకు ఇది కొత్త కాదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగుల మనం పెట్టే వెబ్ ఆప్షన్లు గివే. ర్యాంకు, ఆప్షన్ వరుస, సీటు. టీచర్ల బదిలీలు కూడ గట్లనే పాయింట్ల మీద నడుస్తున్నయ్, భార్యాభర్తలు ఒకకాడ ఉండనీకి స్పౌజ్ పాయింట్లు కూడ ఉన్నయ్. పెండ్లయితే ఇంటికి పో అన్న కాలం నుంచి పెండ్లయితే పాయింట్లు ఇచ్చే కాలానికి వచ్చినం. చిన్న మార్పు కాదు.

నేను కూడ ఆ దిక్కే. మూసిన తలుపు కంటె తెరిచిన స్క్రీను నయం. కానీ ముత్తమ్మ కథ ఒక్కటి నేర్పిస్తది. కంప్యూటరుకు సొంత బుద్ధి లేదు, రూలు ఏది రాస్తే అదే చేస్తది. 1961 రూళ్లను కంప్యూటర్ల ఎక్కిస్తే అది పెండ్లయిన ఆడోళ్ల పేర్లన్నిటినీ ఒక్క సెకండుల కొట్టేస్తుండె, అదీ ఏ తప్పు లేకుండ. గందుకే ముందుగాల అడగాల్సింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు. ఖాళీల లిస్టు అందరికీ కనబడ్తదా? ఏ కుర్సీకి ఏ అర్హత కావాలెనో ముందే రాసి పెట్టిన్రా? ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇయ్యకుంటే కారణం కాయితం మీద ఇస్తరా? మనసు కష్టపెట్టుకున్నోడు అడగనీకి కోర్టు కాకుండ ఇంకో దిక్కు ఉన్నదా? ఈ నాలుగు లేకుంటే ఎంత పెద్ద కంప్యూటరయినా పాత పెద్దసారుకు కొత్త అంగీ తొడిగినట్టే.

ఈ కథంతా మా అక్కకు ఫోన్ల చెప్పిన. సాంతం విన్నది. నేను రాయబారిని కాదురా, సుప్రీంకోర్టుకు పోయేటంత పైసలూ లేవు అన్నట్టు నవ్వింది. మళ్ల వారానికి తనే ఫోన్ చేసింది. ఆ ఆరుగురికి ఏ పని ఎందుకు అప్పజెప్పిన్రో, ఏ రూలు ప్రకారం అప్పజెప్పిన్రో రాతపూర్వకంగ చెప్పుమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిందట. ఆఫీసుల కొందరు మాట్లాడుడు తగ్గించిన్రు. చాయ్ కాడ ఒక్కతే కూసుంటున్నది. ముత్తమ్మకు కూడ ఆ రోజులు ఎంత ఒంటరిగ గడిచినయో అప్పుడు నాకు కొంత సమజ్ అయింది. సొంత ఆఫీసును ప్రశ్న అడిగి, తెల్లారి అదే ఆఫీసుకు పోయి సంతకం పెట్టుడు అల్కటి పని కాదు.

చట్టం ప్రకారం ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఇయ్యాలటికి పన్నెండు రోజులయింది. ఎదురుచూస్తున్నం.